నిండు సీసా

మా తమ్ముడు తాగడు. అతను పోయాక ఈ మాట ఆళ్లగడ్డలో ఎంతమందికి చెప్పానో. ఒక్కరూ నమ్మలేదు.

చనిపోయినవారికి ఇష్టమైనవి దినం రోజున ఫోటో ముందు పెట్టడం మాలో ఆనవాయితీ. నేను నంద్యాల నుంచి వచ్చేసరికి వడల పక్కన ఆ సీసా ఉంది. ఫ్రాన్సు ఎర్ర వైను. తమ్ముడు విగ్రహాలు చెక్కేవాడు. వినాయకుణ్ణి చేయించుకున్న పాండిచ్చేరి ఆయన ఎవరో దాన్ని ఇచ్చి వెళ్లాడు. తమ్ముడు సీలు తీయకుండా అలమరలో దాచుకున్నాడు.

తాగడానికి కాదు. సీసా మీది కాగితంలో ఒక పాత మేడ, దాని ముందు ద్రాక్ష వరసలు సన్నని గీతల్లో ఉన్నాయి. ఆ గీతలంటే తమ్ముడికి ఇష్టం. వెనక ఇంగ్లీషులో ఉన్నది నా చేత చదివించుకున్నాడు. ఆ తోట తరతరాలుగా ఒకే కుటుంబానిది. నేలంతా గులకరాళ్లు. నీటి కోసం వేళ్లు లోతుకు దిగుతాయి, ఆ రుచి అందుకే అని రాసుకున్నారు.

"వాళ్లూ రాళ్లను నమ్ముకొనే బతుకుతాండారక్కా," అని నవ్వాడు.

ఇదంతా చెబితే చిన్నాయన కొట్టిపారేశాడు. "ఊరికే ఎవురన్నా సీసా దాచిపెట్టుకుంటారామ్మా? తాగీ తాగీ పాయె పిల్లోడు."

తమ్ముడు పనిచేసింది ఈయన శిల్పశాలలోనే. రాతిదుమ్ముకు ఊపిరితిత్తులు చెడిపోయాయని డాక్టరు చెప్పినప్పుడు ఈయన నా పక్కనే ఉన్నాడు. ఆ తోటవాళ్లు తమ నేలలో రాళ్లున్నాయని సీసా మీదే రాసుకున్నారు. ఇక్కడ మనిషిని రాయి చంపిందని ఒప్పుకునే నోరు లేదు. తాగుడు మీదికి తోసేస్తే శిల్పశాలకు మచ్చ రాదు.

"మూత తీయప్పా, వానికింత పోద్దాం," అన్నాడు కొడుకుతో.

బిరడా రాలేదు. ఆ కొడుకు లోపలికి పోయి తమ్ముడి ఉలి తెచ్చాడు. విగ్రహానికి కళ్లు తీర్చే సన్న ఉలి. నేను వద్దనేలోపే బిరడాలో దించి మెలితిప్పాడు. మొన విరిగింది, బిరడా సీసాలోకి జారిపోయింది.

ఫోటో ముందు ఒక గ్లాసు పోసి, మిగతాది మగవాళ్లు పంచుకున్నారు. చిన్నాయన ఒక గుక్క నోట్లో పోసుకొని ఉమ్మేశాడు.

"థూ! ఇదేందప్పా, చింతపులుసు మాదిరుండాది. వాడెట్ల తాగినాడో!"

"తాగింటే సీసా నిండుగా యాడుంటాది చిన్నాయనా?"

"ఇది కాకుంటే ఇంకోటి. నువ్వు చూసినావా?"

నేను ఫోటో ముందున్న గ్లాసు తీసి బయట పారబోశాను. కడిగి, కుండలోని నీళ్లు నింపి అక్కడే పెట్టాను.

"ఏందమ్మా ఆ పని?" అని అరిచాడు చిన్నాయన.

"వాడు తాగేదే పెడతాండా," అన్నాను.