శౌరికి పెట్టిన పథ్యం

మాచర్లలో బోరు మోటార్లకు వైండింగ్ చేసే శౌరి తిండిపుష్టి గల మనిషి. మధ్యాహ్నం క్యారియర్ విప్పితే పక్క షాపువాళ్ళను కూడా పిలిచి కూర్చోబెట్టుకునేవాడు. అలాంటివాడికి కళ్ళు పచ్చబడ్డాయి. మామూలు కామెర్లనుకుని కొన్నాళ్ళు పసరు మందు తాగాడు. చివరకు గుంటూరులో స్కాన్ తీస్తే క్లోమంలో గడ్డ, క్యాన్సర్ అని తేలింది. పెద్ద ఆపరేషన్ చేసి, గడ్డతో పాటు క్లోమంలో కొంత భాగం తీసేశారు.

ఇంటికొచ్చాక వంట పని అక్క రాహేలు చేతిలోకి తీసుకుంది. తల్లి పోయినప్పటినుంచీ తమ్ముణ్ణి పెంచింది ఆమే. కోసిన కడుపు కదా అని పథ్యం పెట్టింది. జావ, చారన్నం, మజ్జిగ. అంతే.

"ఒక గుడ్డు పెడదామా వదినా?" అని శౌరి భార్య గ్రేసమ్మ అడిగింది.

"కుట్లు చీము పడితే నువ్వు చూస్తావా?" అని రాహేలు కసిరింది.

శౌరి ఎండిపోసాగాడు. ఏది తిన్నా కడుపుబ్బరం, జిడ్డుగా విరేచనాలు. ఆ భయంతో పెట్టిన నాలుగు మెతుకులూ వదిలేసేవాడు. రోగం తిరగబెట్టిందేమోనని గ్రేసమ్మ లోలోపల భయపడేది.

కీమో కోసం ముగ్గురూ గుంటూరు వెళ్ళినప్పుడు డాక్టరు బరువు చూసి ఆగిపోయారు. "ఈ ఒంటితో మందు తట్టుకోలేడు. ముందు బరువు పెరగాలి. అలాగని ఎక్కువ రోజులు ఆగలేం కూడా" అని డైటీషియన్ యశస్విని దగ్గరకు పంపారు.

"ఆపరేషన్ అయ్యాక తిండి అరగడానికి ఇచ్చిన క్యాప్సూల్స్ ఎప్పుడు వేసుకుంటున్నారు?" అని అడిగిందామె.

"పొద్దున్నే, పరగడుపున" అన్నాడు శౌరి.

"అన్నం తింటూ మింగాలండీ. అరిగించే రసం మీకు తగ్గిపోయింది, దాని బదులే ఇవి. ఇక పథ్యం వద్దు. గుడ్డు, చేప, పప్పు, అన్నీ కొంచెం కొంచెంగా, ఎక్కువసార్లు పెట్టండి."

తిరుగు బస్సులో పిడుగురాళ్ళ దాటాక రాహేలు మెల్లగా, "నా చేత్తోనే వాడి కడుపు మాడ్చానే గ్రేసమ్మా" అంది.

"ఆ బిళ్ళల సంగతి నాకు మాత్రం తెలిసిందా వదినా" అంది గ్రేసమ్మ.

ఆ రోజునుంచి ఇద్దరూ అతని కంచం దగ్గరే కాపలా కూర్చున్నారు. అయినా మొదట్లో బరువు ఇంకొంచెం తగ్గింది. ఒకరోజు శౌరి కంచం పక్కకు నెట్టి, "నా నోటివంక చూడబాకండి. ముద్ద దిగట్లా నాకు" అన్నాడు. అప్పటినుంచి అన్నం పెట్టి ఇద్దరూ వరండాలోకి వెళ్ళేవారు. చెవులు మాత్రం లోపలే ఉండేవి.

క్యాప్సూల్స్ అన్నంతో పాటు మింగేసరికి మెల్లగా విరేచనాలు కట్టుకున్నాయి. బరువు కొన్నాళ్ళు కదల్లేదు, ఆ తర్వాత కాస్త పెరిగింది. కీమో మొదలైంది. వాంతులతో చానా అవస్థ పడ్డాడు గానీ చివరిదాకా చేయించుకున్నాడు.

ఏడాది దాటింది. శౌరి ఇప్పుడు చిన్న మోటార్లు మాత్రం బాగుచేస్తున్నాడు. మళ్ళీ స్కాన్ తీయించే రోజు దగ్గరపడితే ఇంట్లో మాటలు తగ్గిపోతాయి. మొన్నటి స్కాన్‌లో ఏమీ కనబడలేదు. "తిరగబెట్టదని నేను చెప్పలేను. కానీ మనిషి బలంగా ఉన్నాడు, అది మంచిది" అన్నారు డాక్టరు.

రాహేలు చెవిన మొదటి మాటే పడింది. దారిపొడుగునా శౌరి ఆమెకు రెండో మాట చెబుతూనే ఉన్నాడు.