మామగారి తుపాకికి తోలు పట్టీ

మొన్న ఆదివారం సింగపూర్‌లో, బిషాన్‌లోని మా గుమ్మం దాటుతుంటే అమ్మాయి గిటారు పట్టీ తలుపు పిడికి తగులుకుంది. వెనక్కి తూలి, "ఓకే లా, డాడీ" అంటూ విడిపించుకుని వెళ్లిపోయింది. నేను మాత్రం ఆ పిడినే చూస్తూ నిలబడ్డాను. మా తోడల్లుడు గుర్తొచ్చాడు. ఇరవై ఏళ్లు దాటినా అతను గుర్తుకు రావడానికి నాకు పెద్ద కారణం అక్కర్లేదు.

వైటూకే రోజుల్లో ఇద్దరం కంప్యూటర్ పనుల మీద సింగపూర్ వచ్చాం. నాది బిషాన్, అతనిది ఆంగ్ మో కియో. మా మామగారు కడప దగ్గర పల్లెలో, ఊరికి ఎడంగా ఉన్న ఇంట్లో ఉండేవారు. దొంగల భయానికి లైసెన్సు తుపాకి పెట్టుకున్నారు. దానికి భుజాన తగిలించుకునే పట్టీ వేయించాలా వద్దా అని అల్లుళ్లిద్దర్నీ అడిగారు. ఆ ఇంట్లో ఏ పనికైనా అల్లుళ్లను అడగడం మర్యాద. ఎవరి మాట నెగ్గిందో బంధువులంతా గుర్తుపెట్టుకోవడం ఆచారం. పెద్దల్లుణ్ణి, నా మాటే నిలవాలని నాకుండేది. దాచడమెందుకు.

ఖాళీ తూటా దొరికినా జైలుకు పంపే సింగపూర్‌లో, హాకర్ సెంటరనే తిండి అంగళ్ల దగ్గర కోపి అనే అక్కడి కాఫీ తాగుతూ మేమిద్దరం తుపాకి పట్టీ గురించి గంటసేపు వాదించుకున్నాం. పట్టీ ఉంటే చేతులు ఖాళీగా ఉంటాయి, టార్చి పట్టుకోవచ్చు, తలుపు తీయొచ్చు అన్నాడతను. అడవిలో తిరిగేవాడికైతే సరే, ఇంట్లో తిరిగేవాడికి అది అడుగడుగునా తగులుకుంటుంది, ఆ ఇంటికి ఏడు తలుపులు, ఏడు గొళ్లేలు అన్నాను నేను. చివరికి ఒప్పుకున్నాడు. "కరెక్టే అన్నా. ఇద్దరం వద్దనే చెబ్దాం" అంటూ రెండో కోపి కూడా తనే తెచ్చిపెట్టాడు.

మర్నాడే ఫోన్ చేసి, మామగారికి గొళ్లేల లెక్కతో సహా చెప్పాను. అంతా విని, "చిన్నల్లుడు పంపించినాడు కదప్పా. మంచి తోలు. నిన్ననే బిగించినా" అన్నారు. అంటే మేం కోపి తాగే వేళకే ఆ పట్టీ ఎవరి సంచిలోనో విమానమెక్కి ఊరు చేరింది. తోడల్లుణ్ణి అడిగితే, "నువ్వు ఫీలవుతావని చెప్పలేదన్నా" అన్నాడు.

నెల తిరక్కముందే ఒక మధ్యాహ్నం పెరట్లో అలికిడైంది. మామగారు తుపాకి భుజాన వేసుకుని బయల్దేరారు. పట్టీ వంటింటి గొళ్లేనికి తగులుకుని కిందపడ్డారు. తుపాకిలో తూటా లేదు కాబట్టి మణికట్టు విరగడంతో పోయింది. పెరట్లోది ఊళ్లోంచి వచ్చిన మేక.

ఇప్పుడైనా నన్ను తలుచుకుంటారని పరామర్శకు ఫోన్ చేశాను. "చిన్నోడు నిన్ననే ఫోన్ చేసినాడు. అది పెట్టెకు కట్టుకునే బెల్టంట. తుపాకికి వద్దని వాడు మొదట్నుంచీ అంటాండెనంట. ఏడు గొళ్లేలుండాయని లెక్కగూడా చెప్పినాడు. ముందుచూపప్పా వాడికి" అన్నారు.

ఆ లెక్క నాదని చెప్పాను.

"ఎవరిదైతే ఏముందిలే నాయనా. చెయ్యి ఇరిగింది నాది" అన్నారు.

ఆయన పోయారు. తుపాకిని పోలీసులకు అప్పగించారు. ఇల్లు పడగొట్టారు. తోడల్లుడు ఇప్పటికీ వస్తాడు, అన్నా అంటాడు, నేను కోపి ఇస్తాను. ఇన్నేళ్ల తర్వాత చూసుకుంటే, ఆ ఏడు గొళ్లేలు లెక్కపెట్టింది నేనని తెలిసినవాడు లోకంలో అతనొక్కడే మిగిలాడు.