జ్ఞానసుందరి ఇంట కృతజ్ఞత కూడిక

జ్ఞానసుందరికి కొడుకు మీద ఎంత ప్రేమ ఉందో అంత చిరాకూ ఉంది. పదకొండు నెలలుగా చిరాకుదే పైచేయి.

పాల్‌కి ఇరవై తొమ్మిదేళ్లు. శ్రీకాకుళంలో ఓ ప్రైవేటు స్కూల్లో లెక్కల మాస్టారు. హైవే మీద గేదె అడ్డొచ్చి బండి మీంచి పడ్డాడు. హెల్మెట్ ఆ పూట ఇంట్లో మేకుకి వేలాడుతోంది. తలకి ఆపరేషన్ చేశారు, పందొమ్మిది రోజులు స్పృహ లేదు. ఆ తర్వాత లేచాడు, నడిచాడు, అన్నం కలుపుకుని తిన్నాడు. చూడొచ్చినవాళ్లంతా "బానే ఉన్నాడు కదేటి" అనేసి వెళ్లిపోయేవారు. వాళ్లకేం, పది నిమిషాలుండి పోతారు. స్టవ్ మీద పాలు పెట్టి మరిచిపోవడం, ఒకే ప్రశ్న పూటకి ఎనిమిదిసార్లు అడగడం, టీవీ మోగుతుండగా పలకరిస్తే కంచం విసిరికొట్టడం వాళ్లు చూశారా?

ఇవన్నీ ఒక ఎత్తు. తనకే జబ్బూ లేదని పాల్ వాదించడం ఒక ఎత్తు.

"నాకేటీ అవ్వలేదమ్మా. బండి తాళాలియ్యి."

"మాత్ర ఏసుకున్నావా?"

"ఎప్పుడో ఏసుకున్నాను."

"మరి నీ సేతిలో ఉన్నదేట్రా?"

చేతిలో మాత్ర చూసుకుని కూడా ఒప్పుకోడు. "ఇది నువ్వే పెట్టావు" అంటాడు. ఆ చిరాకులో జ్ఞానసుందరి కుట్టుమిషను దగ్గర కూర్చుని ఎవరి జాకెట్టు చేతులో ఎవరి జాకెట్టుకో అతికించేసి, మళ్లీ విప్పుకునేది.

అలాంటి రోజుల్లోనే పాల్ స్కూలు కరస్పాండెంటూ, చర్చి సంఘానికి పెద్దా అయిన సుందరరావు గారు వచ్చారు. "కృతజ్ఞత కూడిక పెట్టమ్మా. కుర్రాడు లేచి దేవుడు బాగుచేశాడని సాక్ష్యం సెప్తే పిల్లల తల్లిదండ్రులూ వింటారు. ధైర్యంగా జూన్‌లో క్లాసు ఇచ్చేస్తాం" అన్నారు.

జబ్బు తగ్గినవాళ్లు ఇంటి ముందు షామియానా వేసి, ప్రార్థన చేయించి, సంఘానికి భోజనం పెట్టడం ఆనవాయితీ. తగ్గాక పెట్టాలి. జ్ఞానసుందరి తగ్గకముందే పెట్టేసింది. ఆ ఉద్యోగం పోతే వాడికి ఇంకోటి రాదని భయం. ఇంకో ఏడాది రోజంతా వాడితో ఇంట్లో ఉంటే తనకే పిచ్చెక్కుతుందని కూడా భయం. అది మాత్రం ఎవరికీ చెప్పలేదు.

నాలుగు వాక్యాలు కాగితం మీద రాసి, పదిహేను రోజులు మిషను పక్కన నిలబెట్టి వల్లె వేయించింది. మొదటి వాక్యం కాగానే వాడు మూడోదానికి దూకేవాడు. "రెండోదేదిరా?" అంటే "సెప్పాను కదా!" అని మీదకొచ్చేవాడు.

ఆదివారం యాభై మంది దాకా వచ్చారు. పాస్టరు గారు పిలవగానే పాల్ ఇస్త్రీ చొక్కాలో లేచి నిలబడ్డాడు.

"దేవుడు నన్ను మరణం నుంచి తప్పించాడు. డాక్టర్లు ఆశ వదిలేసినా ఆయన నన్ను వదల్లేదు."

రెండూ వరసగా వచ్చాయి. ఆవిడ గుండె కుదుటపడింది. అంతలో వంటల దగ్గర ఎవరో గరిటె పడేశారు. పాల్ ఆగిపోయాడు.

"ఇప్పుడు నేను..." ముందు వరసలోంచి ఆవిడ అందించింది.

"ఇప్పుడు నేను..."

"సంపూర్ణ ఆరోగ్యంతో..."

"అమ్మా, నువ్వాగు. నాను సెప్తాను."

సుందరరావు గారి వైపు తిరిగాడు.

"నాకు తగ్గలేదండి" అన్నాడు. "ఇద్దరు ఒక్కసారే మాటాడితే నాకేటీ అర్థమవదు. క్లాసులో నలభై మంది పిల్లలు. అరుస్తారు. నాను... కొట్టెస్తానేమో. ఇప్పుడే క్లాసియ్యొద్దు సుందరరావు గారూ."

ఇంత చెప్పడానికి మూడు నాలుగు నిమిషాలు పట్టింది. సుందరరావు గారు తల దించుకుని కళ్లజోడు తుడుచుకోవడం చూసి, జూన్ మాట ఇక లేదని జ్ఞానసుందరికి అర్థమైపోయింది.

ఒళ్లు మండిపోయింది. ఇన్ని నెలలు తను మొత్తుకుంటే ఒప్పుకోనివాడు, ఒప్పుకోక ఒప్పుకోక ఇవాళే, ఇందరి ముందే ఒప్పుకోవాలా? లేచి ఒక్కటివ్వాలనిపించింది. కానీ ఆ మాటలు తను రాసిచ్చినవి కావు. వాడే వెతుక్కున్నాడు, వాడే పేర్చుకున్నాడు. ఎవరి పిల్లలకో దెబ్బ తగులుతుందేమోనని వాడే ఆలోచించాడు. కోపం అలా ఉండగానే ఆవిడకి ఏడుపొచ్చేసింది.

సాక్ష్యం అవగానే అందరూ "స్తోత్రం" అనాలి. తగ్గలేదని చెప్పిన సాక్ష్యానికి అనొచ్చో లేదో తెలియక జనం ఒకరి ముఖాలొకరు చూసుకుంటున్నారు. పాస్టరు గారు బైబిల్లో పేజీలు తిప్పుతున్నారు. కూర్చోవాలని తోచక పాల్ అలాగే నిలబడి ఉన్నాడు.

"స్తోత్రం!" అంది జ్ఞానసుందరి, పోట్లాటకి దిగినట్టు. వెనక్కి తిరిగి అందర్నీ చూసింది. "ఏటలా సూస్తారు? అనండి!"

అందరూ అన్నారు.