సున్నం పూత

మా ఆయన సున్నం మేస్త్రి. ఆయన మిద్దె మీద సున్నం పరిస్తే, అది గట్టిపడేదాంక నేను కొయ్య సుత్తెతోని కొడ్త. గద్వాల చుట్టుపక్కల గీ పని తెల్సినోళ్ళు ఇప్పుడు తక్కువ. ఇటిక్యాల దిక్కు ఒక దొరల కాలంనాటి పాత గడీ మిద్దె కురుస్తుందని కాంట్రాక్టరు మమ్మల్నే పిలిచిండు.

మిద్దె ఎక్కి చూసినం. చీలమండల లోతు పావురాల రెట్ట. అండ్ల చచ్చిన పావురం పిల్లలు, సీసాలు, ఎవరో తిని పారేసిన బిర్యానీ పొట్లాలు. ముక్కుకు కొంగు కట్టుకొని నాలుగు దినాలు తట్టలకెత్తి పోసిన. ఇంటికొచ్చి ముద్ద నోట్లె పెట్టుకుంటే గదే వాసన.

రెట్ట కింద సిమెంటు తేలింది. ఎన్నడో రిపేరు చేసినోళ్ళు సున్నం మిద్దె మీద పోసిపోయిండ్రు. మా ఆయన గడ్డపారతోని పలగ్గొట్టి చూస్తే, టేకు దూలం నానిన అటుకుల లెక్క అయింది. వేలు పెడితే లోపలికి దిగింది. నల్లటి మురుగు అంటిన వేలు నా ముంగట పెట్టి, "చూసినవా, సున్నమైతే తడి ఆరనిస్తది. సిమెంటు పోసి నీళ్ళు బయటికి పోకుండ మూతేసిండ్రు" అన్నడు.

కాంట్రాక్టరు కొత్త దూలం ఏయించిండు. సున్నం తెప్పిస్తే మస్తు సంబురపడ్డం. కరక్కాయలు, బెల్లం నానబెట్టిన నీళ్ళు కలిపి ఒక మూల పరిచినం. కాంట్రాక్టరు మనుషులు ఫొటోలు తీసుకున్నరు. తెల్లారి సిమెంటు బస్తాలు దిగినయ్.

"గిదేంది సార్? దూలం మళ్ల మురుగుతది" అన్నడు మా ఆయన.

"పైన పల్చగ సున్నం పూత పూయ్. ఎవ్వరికి తెల్వదు. నీ చెయ్యి మంచిదనే గదా పిలిచింది."

మా ఆయన నా దిక్కు చూసిండు. వద్దని నేను అనలే. పూసినం. అసలు సున్నం కంటె నున్నగ వచ్చింది.

పని ఎట్లయిందో చూడనీకె వచ్చిన సర్కారు పెద్ద సారు దాన్ని చెయ్యితోని తడిమి, "పాతకాలపు పనంటే గిట్లుండాలె" అన్నడు. కాంట్రాక్టరు నవ్విండు. మేం గూడ నవ్వినం. రెట్ట ఎత్తినప్పుడు గూడ నాకు అంత రోత పుట్టలే.

వానలు పడ్డంక కాంట్రాక్టరు ఫోన్ చేసిండు. మా ఆయన తింటుండె, నేనే ఎత్తిన.

"లోపల మరకలొచ్చినయమ్మా. జర వచ్చి పూత పూసి పోండ్రి."

"సిమెంటంత తవ్వి తీస్తమంటే వస్తం సార్. పూత పూయనీకె రాము."

"శానా మాట్లాడుతున్నవ్" అని పెట్టేసిండు.

మా ఆయన ఇంకో ముద్ద కలుపుకున్నడు. కాంట్రాక్టరు ఇంకెవరినో పెట్టి పూయించిండని తర్వాత తెల్సింది. ఆ తొవ్వల బస్సు పోతుంటే నేను గడీ దిక్కు చూడ.