గడ కొసన వేసే ముడి

జపాన్‌లోని కనజావాలో ఒక గుడి తోట. అక్కడి నాచులో మొలిచే కలుపును ఫుసాయె గారు ముప్పై ఏళ్లకు పైగా మోకాళ్ల మీద కూర్చుని తీశారు. చలికాలం ముందు పైన్ చెట్లకు తాళ్లు కట్టే పని మాత్రం మగవాళ్లదే. మంచు బరువుకు కొమ్మలు విరగకుండా, చెట్టు పక్కన గడ పాతి, దాని కొస నుంచి ఒక్కో కొమ్మకూ గడ్డి తాడు దించుతారు. దూరానికి గొడుగు ఊచల్లా కనిపిస్తాయి. ఒకసారి ఆమె నిచ్చెన మీద చెయ్యి వేస్తే మేస్త్రీ మురాయి, "ఆడవాళ్లు నేల చూసుకుంటే చాలు" అన్నాడట. ఆమె తలవంచి, సరేనండీ అని మళ్లీ నాచు దగ్గరికి వెళ్లిపోయారు. ఎవరితోనూ ఫిర్యాదు చెప్పుకోలేదు. చెప్పుకున్నా వినే నాథుడెవరు?

పని మానేసేనాటికి నడుం వంగిపోయింది. ఆ వంగిన నడుంతోనే, మా మునిసిపల్ ఇళ్ల వెనక చెత్త పడేసే జాగాలో మనవరాలితో కలిసి తోట వేశారు. చినాత్సుకు పదేళ్లు. తల్లి భోజనం డబ్బాల ఫ్యాక్టరీలో మధ్యాహ్నం షిఫ్టుకు వెళ్లి రాత్రికి గానీ రాదు. బడి అయ్యాక ఆ పిల్లకు అమ్మమ్మ, ఆ తోట తప్ప వేరే దిక్కు లేదు. కూల్చేసిన ఇంటి రాళ్లు తెచ్చుకున్నారు. కాలువ గట్ల నుంచి నాచు తెచ్చుకున్నారు. ఎవరో ఇల్లు ఖాళీ చేస్తూ కుండీతో సహా వదిలేసిన పైన్ చెట్టును నేలలో నాటుకున్నారు. "గుడిలో చేసింది చాలలేదా ఫుసాయె గారూ" అని మేమంతా వెక్కిరించేవాళ్లం. ఆమె నవ్వి ఊరుకునేవారు.

మొన్న నవంబరులో ఆ చెట్టుకూ తాళ్లు కట్టాలనుకున్నారు. పిల్ల నిచ్చెన ఎక్కింది, అమ్మమ్మ కింద పట్టుకున్నారు. ఏ తాడు ఏ కొమ్మకు రావాలో, ఎంత బిగించాలో ఆమె చెబుతూనే ఉన్నారు. చివరికి పిల్ల గడ కొసన ఆగిపోయింది.

"ఇక్కడ ముడి ఎలా వెయ్యాలి అమ్మమ్మా?"

"గట్టిగా కట్టెయ్."

"గట్టిగా అంటే ఎలా?"

"నాకేం తెలుసే? నేనెప్పుడు పైకెక్కాను గనక?"

తోచినట్టు కట్టారు. మొదటి తడిమంచుకే తాళ్లన్నీ ఒక్కసారిగా గడ వెంబడి జారిపోయాయి. పెద్ద కొమ్మ విరిగింది. అసలు చలికాలం ఇంకా ముందే ఉంది.

మర్నాడు బడి నుంచి పిల్ల నేరుగా గుడి తోటలో మురాయి దగ్గరికి వెళ్లి, ఆ ముడి నేర్పమంది. మీ నాన్నను పంపు, నేర్పిస్తా అన్నాడాయన. నాన్న లేడంది. అయితే మామయ్యను పంపు అన్నాడు.

"మా అమ్మమ్మ మీ దగ్గరే కదా ఇన్నేళ్లూ చేసింది?"

"చేసింది. బంగారం లాంటి మనిషి. ఏనాడూ ఒక్క మాట అడిగి ఎరగదు."

పిల్ల వచ్చి ఆ మాట చెబితే ఫుసాయె గారు, "వదిలెయ్ తల్లీ, అడిగే ఓపిక నాకిక లేదు" అన్నారు. ఆ రోజు నుంచి బడికి వెళ్లే ముందు చినాత్సు చీపురుతో కొమ్మల మీది మంచు దులుపుతోంది. పక్కన ముసలామె చేతులు రుద్దుకుంటూ నిలబడి ఉంటారు. రాత్రి ఎక్కువగా కురిస్తే పొద్దున దులిపి లాభం ఉండదని ఇద్దరికీ తెలుసు.

గుడి తోటకు మురాయి లాంటివాళ్లను పంపే తోటపని సంస్థకు నేను వెళ్లి, ఆడపిల్లలకూ ఈ పని నేర్పుతారా అని అడిగాను. ఏప్రిల్లో కొత్తవాళ్లను తీసుకుంటారట. ఆడపిల్లల్ని తీసుకోకూడదని నియమమేమీ లేదు, ఎవరూ అడగలేదంతే అన్నారు.

ఏటా గుడి తోటలో ఆ తాళ్ల కింద నిలబడి ఫొటోలు దిగడానికి వస్తారు కదా మీరు. ఈసారి ఫొటో దిగే ముందు లోపలికి వెళ్లి, పైకెక్కే పని ఆడవాళ్లకు ఎప్పుడు నేర్పిస్తారని అడగండి. ఒక్కరు అడిగితే నవ్వి పంపేస్తారు. అందుకే అందరూ అడగండి. ఏప్రిల్ లోపలే అడగండి.