కాయలొలిచే చోట మా మేస్త్రమ్మ

మా మేస్త్రమ్మ పోయిందని మంగళవాడ నుంచి ఆమె కోడలు ఫోన్ చేసింది. "పొద్దున కాపీ తాగి తలుపుకు ఆనుకోని కూర్చునింది. అట్లే పోయింది. ఎవరిచేతా ఒక పని చేయించుకోలేదు" అంది. వినగానే ఏడ్చాను. ఆ తర్వాత ఆమె మాటలు ఒక్కొక్కటే గుర్తొచ్చి గుండె నిబ్బరమైంది.

మీలో చాలామంది ఆమెను ఎరగరు. పావగడ బజారులోని ఒక మండీలో విత్తనాలకు వేరుశెనగ కాయలు ఒలిచే ఆడవాళ్ల గుంపుకు ఆమె పెద్ద. మిషన్లో వేస్తే పప్పు చీలిపోతుంది, మొలకెత్తదు. అందుకని విత్తనం కాయలు చేత్తోనే ఒలవాలి. ఎనభైల్లో ఆ కరువు ఏళ్లలో మా ఊళ్ల ఆడవాళ్లకు దొరికే పని అదొక్కటే.

మూట విప్పకముందే ఆమె ఒక్కొక్కరి మొహం చూసేది. "ఏంది, సంగటి తినకుండానే వచ్చినావా?" అని తన గిన్నె ముందుకు తోసేది. ఇంట్లో గొడవపడి వచ్చినదాన్ని బాగా కబుర్లు చెప్పేదాని పక్కన కూర్చోబెట్టేది. మాటలకు ఎప్పుడూ అడ్డు చెప్పేది కాదు.

నేను ఆ గుంపులోకి సిగ్గుతో చితికిపోతూ వెళ్లాను. ఎస్సెస్సెల్సీ పాసైనదాన్ని. వానల్లేక చేను ఎండిపోయింది, మా ఆయన బెంగళూరుకు మట్టిపనికి పోయాడు. చదువుకుని కూలికొచ్చిందంటారేమోనని మూలకు చేరి, గోడవైపు తిరిగి ఒలిచేదాన్ని. ఎవరితోనూ పలికేదాన్ని కాదు. ఇంటికెళ్లినా నోట మాట వచ్చేది కాదు. ఇంకొన్నాళ్లు అలాగే ఉంటే ఏమైపోయేదాన్నో.

ఒకరోజు మండీ షావుకారు వచ్చి నన్ను వేలుపెట్టి చూపించాడు. "ఆ పిల్లని చూడండి, నోరెత్తకుండా ఎట్ల పనిచేస్తాండాదో. రేపట్నుంచి అందరూ అట్లే గోడకి తిరిగి కూర్చోండి. మాటలు బందు."

అందరూ నావైపు కొరకొరా చూశారు. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

మేస్త్రమ్మ లేచి నిలబడింది. ఈ పని పోతే ఆ ఏడు మరో చోటు లేదని ఆమెకూ తెలుసు. అయినా గొంతు తగ్గించలేదు.

"పని బాగా చేయాలని కాదు సామీ, మనసు బాగలేక ఆ పిల్ల అట్ల కూర్చునుండాది. దాని గతి మాకందరికీ పట్టిస్తారా? ఒట్టి చేతులే కావాలంటే కాయలు మిషన్లో వేసుకోండప్పా. మనుషుల్ని పిలిస్తే చేతులతోబాటు నోర్లు గూడా వస్తాయి."

షావుకారు తల గోక్కున్నాడు. విత్తే అదను దగ్గరపడింది మరి. "మీ ఇష్టమొచ్చినట్ల ఏడవండి" అని వెళ్లిపోయాడు.

తర్వాత నేను అంగన్‌వాడీలో చేరి రిటైరయ్యేదాకా పనిచేశాను. పని ఎలా ఉందని ఎవరడిగినా, జీతం సంగతి కంటే ముందు పక్కన ఎవరున్నారో చెప్పడం నాకలవాటు. పనిలో సుఖం సగం మన మనసులో ఉంటే, సగం పక్కనున్నవాళ్ల దగ్గర ఉంటుంది. ఈ మాట ఎవరు కాదన్నా నేను ఒప్పుకోను.

ఆ రోజు షావుకారు వెళ్లాక మేస్త్రమ్మ నన్ను గుంపులోకి రమ్మని పిలవలేదు. తన గోనెపట్టా ఈడ్చుకుంటూ తానే నా మూలకు వచ్చింది. ఆమె వెంట మిగతావాళ్లూ జరిగారు. "నువ్వేం మాట్లాడొద్దు మే. ఇట్ల తిరిగి వింటా కూర్చో, చాలు" అంది. వల్లూరు నుంచి వచ్చే ఒకామె, తన మొగుడు సైకిలు నేర్చుకోబోయి పేడదిబ్బలో పడిన కథ ఎత్తుకుంది. నాకు తెలియకుండానే నవ్వు వచ్చేసింది.

"ఓయమ్మా, ఈ పిల్లకి పండ్లుండాయే!" అని ఆ వల్లూరామె అరిచింది. ఇక అందరూ ఒకటే నవ్వు. మేస్త్రమ్మ మాత్రం నవ్వలేదు. ఒలవబోయిన కాయ వేళ్ల మధ్య అలాగే పట్టుకుని, నా మొహంలోకి చూస్తూ ఉండిపోయింది.