కొత్తవాళ్ళ క్లబ్బుకి మా బావ పెద్దరికం

మా బావ నోట్లో నాలుక లేని మనిషి. ఈ మాట ఆయన ముందే అంటుంటాను. ఆయన ఏమీ అనడు, కాబట్టి ప్రతిసారీ నా మాటే నెగ్గుతుంది. అలాంటివాడు అంతమంది జనానికి పెద్దమనిషి ఎలా అయ్యాడో ఆయనకి ఇప్పటికీ అర్థం కాలేదు. నాకు అర్థమైంది గానీ, అదీ సగమే.

ఆయన లిఫ్టులు బాగుచేస్తాడు. కంపెనీవాళ్ళు పెద్ద ఊరికి బదిలీ చేస్తే మా అక్కని తీసుకుని వెళ్ళాడు. పొద్దున్నే కంపెనీ వ్యాను ఇంటి ముందు ఎక్కించుకుంటుంది, చెడిపోయిన లిఫ్టు ముందు దింపుతుంది. ఊరంతా తిరుగుతాడు, ఒక్క దారీ తెలీదు. మనుషులతోనూ అంతే. లిఫ్టులో ఇరుక్కున్నవాళ్ళు తలుపు అవతలి నుంచి సొంత అన్నయ్యతో మాట్లాడినట్టు మాట్లాడతారు. ఇంట్లో గొడవలు చెబుతారు, గుండె దడ సంగతి చెబుతారు. తలుపు తెరుచుకోగానే ఆయన ముఖం కూడా చూడకుండా ఎవరి దారిన వాళ్ళు పోతారు. "వాళ్ళ తప్పేం లేదురా, గాలి కోసం పరిగెడతారు," అంటాడు.

అక్క సంగతి వేరు. పాత ఊళ్ళో చిన్నపిల్లల బడిలో ఆటపాటలు నేర్పేది. సాయంత్రానికి గొంతు బొంగురుపోయినా సరే, గేటు దగ్గర నిలబడి పక్కింటావిడతో చీకటి పడేదాకా కబుర్లు చెప్పేది. కొత్త ఊళ్ళో ఉద్యోగం దొరకలేదు. నాలుగో అంతస్తులో రెండు గదుల ఇల్లు. ఎదురింటి తలుపు ఎప్పుడూ వేసే ఉంటుంది. దాని ముందు చెప్పులు మాత్రం మారుతుంటాయి.

"నిన్న నీలం చెప్పులు, ఇవాళ నల్లబూట్లు. మనుషుల్ని చూడలేదు గానీ కాళ్ళ కొలతలు మాత్రం చెప్పగలనురా," అంది ఒకసారి ఫోన్లో. ఆ తర్వాత నవ్వుతూనే ఇంకో మాట అంది. "వానలు తగ్గేలోపు నాతో మాట్లాడే మనిషి ఒక్కరు దొరక్కపోతే నీ దగ్గరికి వచ్చేస్తాను. మీ బావ వీలున్నప్పుడు వచ్చి చూసి పోతాడులే."

మా అక్క నవ్వుతూ చెప్పిందంటే అప్పటికే తేల్చేసుకుందని అర్థం. ఆ మాట బావతోనూ అంది. ఆయనకి కాళ్ళూ చేతులూ ఆడలేదు.

ఆ వారంలోనే ఒక లైబ్రరీలో లిఫ్టు చూడ్డానికి వెళ్ళాడు. మెట్ల పక్క గోడ మీద ఒక కాగితం అంటించి ఉంది. ఈ ఊరికి కొత్తగా వచ్చినవాళ్ళందరూ ఆదివారం సాయంత్రం పై హాల్లో కలుసుకోవచ్చని, కబుర్లు, ఆటలు, ఊరు చూడ్డం ఉంటాయని రాసుంది. ఇంటికొచ్చి అక్కతో చెప్పాడు. అక్క వెంటనే వస్తానంది. అక్కడ ఆగిపోయాడు మా బావ. బాగుచేసిన లిఫ్టులో ముందు తానెక్కి పైకీ కిందికీ తిరిగి, ఆ తర్వాతే జనాన్ని ఎక్కనిచ్చే మనిషి ఆయన. "నేను ముందు వెళ్ళి చూసొస్తా. మంచివాళ్ళైతే వచ్చే వారం నిన్ను తీసుకెళ్తా," అన్నాడు.

మొదటి ఆదివారం ఆటో ఎక్కి అందరికంటే ముందే వెళ్ళాడు. హాలు తెరిచే ఉంది, మనిషి లేడు. కుర్చీలు ఒక మూల ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. ఊరికే నిలబడటం చేతకాక వాటిని దింపి గుండ్రంగా వేశాడు. ట్యూబులైటు ఒకటి మినుకుమినుకుమంటుంటే కుర్చీ ఎక్కి సరిచేశాడు. సరిగ్గా అప్పుడే జనం రావడం మొదలైంది. వాళ్ళకి కనపడింది ఏమిటి? నడుముకి లిఫ్టుల తాళాల గుత్తి, చెయ్యి ట్యూబులైటు మీద, ముఖాన చెమట. పైగా వాళ్ళని చూసి ఏమనాలో తెలీక, "రండి, కూర్చోండి," అన్నాడు.

ముందుగా వచ్చింది ఒక బేకరీలో పనిచేసే ఆవిడ. చేతిలో బిస్కెట్ల డబ్బా ఉంది. బిస్కెట్లు తెచ్చింది కాబట్టి క్లబ్బు ఈవిడదే అనుకున్నాడు బావ. తాళాలున్నాయి కాబట్టి క్లబ్బు ఈయనదే అనుకుంది ఆవిడ. కుర్చీలు నిండాయి. అందరూ ఆయన వంక చూస్తున్నారు, ఆయన ఆవిడ వంక చూస్తున్నాడు.

"మొదలుపెడదామా అండీ?" అంది ఆవిడ.

"మీ ఇష్టమండీ," అన్నాడు బావ.

ఎంత మర్యాదస్తుడో అనుకున్నారట అందరూ. తర్వాతి ఆదివారం ఊరు చూడ్డానికి ఎటు తీసుకెళ్తారని ఒక కంటి డాక్టరు అడిగాడు. "నాకేం తెలుసండీ, నేనూ కొత్తే," అని ఉన్న నిజం చెప్పాడు బావ. అది హాస్యమనుకుని హాలంతా నవ్వారు. జన్మలో ఆయన మాటకి ఎవరూ నవ్వి ఎరగరు. కంగారులో ఆయనా నవ్వాడు. దాంతో ఆ నిజం అక్కడికక్కడే గాలికి పోయింది.

నడక రోజు జనమంతా బావ వెనక, బావ బేకరీ ఆవిడ వెనక. ప్రతి మలుపు దగ్గరా ఆవిడ ఆగి "ఎటండీ?" అనడం, ఈయన "మీరెటంటే అటే," అనడం. అలా గుంపులో గోవిందలా నడిచి నడిచి బస్సులు కడిగే చోటికి చేరారు. అవతలికి దారి లేదు. పైపుల్లోంచి నీళ్ళు చిమ్ముతున్నాయి, పాదాలు తడిశాయి. పిట్టగోడ మీద వరసగా కూర్చుని బిస్కెట్లు తిన్నారు. తప్పు బస్సెక్కి ఊరి చివర తేలిన సంగతి డాక్టరు చెప్పాడు. పక్కవాళ్ళ తలుపు తన తలుపే అనుకుని తాళం తిప్పిన సంగతి బేకరీ ఆవిడ చెప్పింది. ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు అందుకున్నారు. తిరిగి వెళ్ళేటప్పుడు, "భలే చోటికి తీసుకొచ్చారండీ," అని బావ చెయ్యి పట్టుకుని మరీ చెప్పారు. ఆ పై వారం జనం రెట్టింపయ్యారు.

అసలు సంగతి లైబ్రరీ గుమాస్తా చెబితే తెలిసింది. "ఇప్పుడు నడిపేది మీరేనా? మంచిది. మొదలుపెట్టినాయన ఊరొదిలి వెళ్ళిపోయి చాలా కాలమైంది. ఆ కాగితం పీకెయ్యడం మేమే మర్చిపోయాం," అన్నాడాయన. బావ గొంతులో పచ్చి వెలక్కాయ పడింది. పైకెళ్ళి అందరికీ చెప్పేద్దామనే మెట్లెక్కాడు. అక్కడ డాక్టరు కొత్తగా వచ్చిన ఇద్దరితో, "ఈయన లేకపోతే నేనీ ఊళ్ళో పిచ్చెక్కిపోయేవాణ్ణి," అంటున్నాడు. ఇంకేం చెబుతాడు? కక్కలేక మింగలేక కుర్చీలు సర్దుతూ ఉండిపోయాడు.

తనని నమ్ముకుని ఎవరైనా తప్పిపోతారేమోనన్న భయంతో ఒక పద్ధతి పెట్టాడు. కొత్తగా ఎవరొచ్చినా అంతకుముందు వచ్చినవాళ్ళలో ఒకరిని వాళ్ళకి తోడుగా ఇవ్వాలి. దారి తెలీకపోయినా, ఏమీ తోచకపోయినా ఆ తోడుకి ఫోన్ చెయ్యాలి. ఈ పద్ధతి అందరికీ తెగ నచ్చింది. ఒంటరిగా వచ్చినవాళ్ళు జంటలు జంటలుగా వెళ్ళేవారు. బావ పెద్దరికం ఇంకాస్త పెరిగింది.

మరి అక్క?

"మనుషులెలా ఉన్నారు?" అని అడిగేది.

"మంచివాళ్ళే."

"నన్నెప్పుడు తీసుకెళ్తారు?"

"వచ్చే వారం."

ఆ వచ్చే వారం రాలేదు. ఎందుకు రాలేదో ఆయనే ఒకరోజు ఫోన్లో నాతో చెప్పాడు. తను పాలకని కిందకి దిగి, తిరిగి రావడానికి దారిన పోయేవాళ్ళని అడుక్కుంటూ వచ్చే మనిషని అక్కకి తెలుసు. ఆ అక్క ముందు ఊరికి పెద్దలా ఎలా నిలబడతాడు?

"ఉన్నది ఉన్నట్టు చెప్పెయ్ బావా. మహా అయితే నవ్వుతుంది," అన్నాను.

"నవ్వితే బాగానే ఉండును. ఈమధ్య దేనికీ నవ్వడం లేదురా," అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. ఆమెకి మనిషి తోడు కావాలని బయల్దేరినవాడు, ఉన్న ఒక్క ఆదివారం కూడా ఊరివాళ్ళకి పంచేసి, ఇంట్లో మనిషిని గోడలకి వదిలేశాడు. ఆ మాటే గట్టిగా అన్నాను. ఆ ఆదివారం మళ్ళీ క్లబ్బుకే వెళ్ళాడు.

వానలు తగ్గాయి. వచ్చి తీసుకెళ్ళమని అక్క ఫోన్ చేసింది. నేను శనివారం చేరేసరికి పెట్టె సర్ది మంచం కింద పెట్టుంది. ఆదివారం సాయంత్రం బావ చొక్కా మార్చుకుంటూ ఆ పెట్టె వంక చూశాడు, నా వంక చూశాడు. "తొందరగా వచ్చేస్తా. రాత్రి రైలుబండి టైముకి ఉంటా," అని చెప్పులేసుకున్నాడు. ఆయన్ని మెట్ల మీద ఆపి రెండు తిట్టాలనిపించింది. అక్క వద్దంది.

ఆయన వెళ్ళిన కాసేపటికి అద్దం ముందు నిలబడి జడ వేసుకుంది. "పదరా. ఆ మంచివాళ్ళెవరో ఒకసారి చూసి వెళ్దాం," అంది. ఏ సందులో ఎటు తిరగాలో ఎవర్నీ అడక్కుండా నన్ను లైబ్రరీకి తీసుకొచ్చింది. కోపంలో ఉన్నానేమో, నేను దాన్ని పట్టించుకోలేదు.

తలుపు పక్క కుర్చీల్లో కూర్చున్నాం. బావ అటు తిరిగి ఎవరితోనో మాట్లాడుతున్నాడు. మాట్లాడుతున్నాడంటే మామూలుగా కాదు, చేతులు తిప్పుతూ, మధ్యలో నవ్వుతూ, ఒకాయన భుజం తడుతూ. పెళ్ళినాటి నుంచి చూస్తున్నాను, ఆయన గొంతు అలా ఉంటుందని నాకు తెలీదు. అక్క కళ్ళార్పకుండా చూస్తోంది.

"ఈయనకి ఇన్ని మాటలొచ్చా?" అంది మెల్లగా. నాకు జాలేసింది, ఎవరి మీదో చెప్పలేను.

కొత్తగా వచ్చినవాళ్ళని పలకరించే వేళయింది. ఒక్కొక్కరినీ పలకరిస్తూ కుర్చీల వెంట వస్తున్నాడు బావ. మా ముందుకొచ్చి కొయ్యబారిపోయాడు. హాలంతా ఆయన వంకే చూస్తోంది. అప్పుడైనా 'మా ఆవిడ' అంటే సరిపోయేది. కానీ తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు, నోరు మాత్రం అలవాటు కొద్దీ తన పని తాను చేసుకుపోయింది.

"ఈ ఊళ్ళో మీకు తెలిసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా అండీ?"

అక్క ఒక్క క్షణం ఆయన ముఖంలోకి చూసింది.

"ఒకాయన ఉండేవారండీ. ఈమధ్య కనపడటం లేదు," అంది.

చుట్టుపక్కల అయ్యో అన్నారు. బేకరీ ఆవిడ తన కుర్చీ లాక్కుని వచ్చి అక్క పక్కన కూర్చుంది. డాక్టరు బావ వైపు తిరిగి, "ఈవిడకి తోడు ఎవర్ని ఇద్దామండీ?" అన్నాడు.

"నేనుంటాను," అన్నాడు బావ.

అందరూ వింతగా చూశారు. అంతవరకు ఆయన ఎవరికీ తోడుగా ఉండలేదు.

"మీకెందుకండీ శ్రమ? మీకోసం చూసేవాళ్ళు ఇంతమంది ఉన్నారు," అంది అక్క. బేకరీ ఆవిడ మోచెయ్యి పట్టుకుంది. "నాకు ఈవిడ చాలు."

ఆ రోజు నడక కాలవ గట్టు మీదుగా, నాకు పేర్లు కూడా తెలీని వీధుల్లోంచి సాగింది. ముందు అక్క, బేకరీ ఆవిడ. అందరికంటే వెనక నేనూ బావా. అక్క చేతులూపుతూ మాట్లాడుతోంది, ఆవిడ పొట్ట పట్టుకుని నవ్వుతోంది. నేను ముందుకెళ్ళి బండి టైమవుతోందని గుర్తుచేశాను. "ఉండరా, ఈ మాట పూర్తి కానీ," అని విసుక్కుంది. ఆ మాట పూర్తి కాలేదు. బండి వెళ్ళిపోయింది.

"ఉంటుందంటావా?" అన్నాడు బావ.

"ఉండేట్టే ఉంది."

"నా కోసమేనా?"

"ఏమో బావా. నన్నడిగితే నేనేం చెప్పను?"

ఆయన కాస్త జోరుగా నాలుగడుగులు వేశాడు. మళ్ళీ ఏమనుకున్నాడో వెనకబడ్డాడు. ఈలోగా అక్కే ఆగి వెనక్కి తిరిగింది.

"ఏవండీ. ఈవిడ ఇవాళ మనింట్లోనే తింటారు. మీరు ముందు వెళ్ళి కుక్కర్ పెట్టండి. మేం మెల్లగా వస్తాం."

గుంపు మొత్తం నివ్వెరపోయి ఆగిపోయింది. డాక్టరు అక్కని చూసి, బావని చూసి, నన్ను చూశాడు. బేకరీ ఆవిడ నవ్వు సగంలో నిలిచిపోయింది. బావ రోడ్డుకి అటూ ఇటూ చూశాడు. ఆయన ముఖంలో ఇంత అయోమయం నేనెప్పుడూ చూడలేదు.

"ఇక్కణ్ణుంచి మనింటికి ఎటు వెళ్ళాలో నాకు తెలీదు," అన్నాడు అందరి ముందూ.

ఎప్పటిలాగే హాస్యమనుకుని కొందరు నవ్వారు. అక్క నవ్వలేదు. వెనక్కి నడిచొచ్చి ఆయన పక్కన నిలబడింది.

"నాకు తెలుసు. ఆదివారాలు ఒక్కదాన్నే తిరిగి తిరిగి ఈ దారులన్నీ నేర్చుకున్నాను," అంది. "పదండి."